ఉప్పూ చక్కెరా కలిస్తేనే తెరుచుకునే తలుపు

నీళ్ళ విరేచనాలు పట్టుకున్న పిల్లవాడికి నీళ్ళు తాగించాలా, మానాలా? ఈ ప్రశ్నకు మన ఇళ్ళలో ఇప్పటికీ రెండు జవాబులు వినిపిస్తాయి. "నీళ్ళు పడితే ఇంకా ఎక్కువ పోతాయి, కడుపు ఎండగట్టాలి" అనేవారు కొందరు. "గ్లూకోజు కలిపి పట్టించండి, శక్తి వస్తుంది" అనేవారు మరికొందరు. మొదటి మాట ప్రాణానికి ముప్పు తెస్తుంది. రెండో మాటలో సగమే నిజం ఉంది. మిగిలిన సగం ఎక్కడుందో తెలియాలంటే మన పేగు లోపలి వైపు పరుచుకుని ఉన్న కణాల దగ్గరకు, ఆ ఒక్కొక్క కణాన్ని చుట్టి ఉన్న సన్నని పొర దగ్గరకు వెళ్ళాలి.

సైన్సు పాఠాన్ని సావనీరులో ఎందుకు రాస్తున్నామంటే, సేవాసంస్థలు వైద్య శిబిరం పెట్టినా, వరద బాధితుల దగ్గరకు వెళ్ళినా సంచిలో తప్పకుండా ఉండేది ఓఆర్‌ఎస్ పొట్లం. పంచే చేతికీ, అందుకునే చేతికీ ఆ పొట్లం ఎలా పనిచేస్తుందో తెలిసినప్పుడే దాన్ని సరిగ్గా వాడతాం. తెలియకపోతే అది గూట్లోనే ఉండిపోతుంది. లేదా సగం పొట్లం ఒక గ్లాసులో కలిపి, పని చేయలేదని పారేస్తాం.

కణం చుట్టూ ఉన్నది గోడ కాదు

తొమ్మిదో తరగతి పిల్లలకు మేము కణం బొమ్మ గీసి చూపిస్తాం. చుట్టూ ఒక గీత గీసి "ఇది ప్లాస్మా పొర" అని రాస్తాం. బొమ్మలో అది వట్టి గీతే కానీ, నిజానికి ఆ పొర లేకపోతే జీవమే లేదు. దాని మందం దాదాపు 5 నానోమీటర్లు. మన తల వెంట్రుకంత మందం రావాలంటే అలాంటి పొరలు పది పదిహేను వేలు ఒకదాని మీద ఒకటి పేర్చాలి.

ఈ పొర కొవ్వు జాతి అణువులతో తయారవుతుంది. వాటిని ఫాస్ఫోలిపిడ్లు అంటారు. ఒక్కొక్క అణువుకు నీటిని ఇష్టపడే తల ఒకటి, నీటికి దూరంగా జరిగే తోకలు రెండు ఉంటాయి. ఇలాంటి అణువులను నీటిలో వదిలితే అవి వాటంతట అవే రెండు వరుసలుగా సర్దుకుంటాయి. తలలు రెండు వైపులా నీటికి ఆనుకుంటాయి, తోకలు మధ్యలో దాక్కుంటాయి. ఎవరో వచ్చి పేర్చనవసరం లేదు. పులుసు మీద నూనె ఎందుకు విడిగా తేలుతుందో, ఈ పొర కూడా అదే కారణంతో నిలబడుతుంది.

పొరలో రెండు వరుసలున్నాయని 1925లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు గోర్టర్, గ్రెండెల్ చెప్పారు. వారు ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వును వేరు చేసి నీటి మీద ఒకే పొరగా పరిచారు. అది పరుచుకున్న వైశాల్యం ఆ కణాల ఉపరితలానికి దాదాపు రెట్టింపు వచ్చింది. అంటే కణం మీద ఆ కొవ్వు రెండు పొరలుగా ఉండాలి. 1972లో సింగర్, నికల్సన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు మరో అడుగు ముందుకు వేశారు. ఈ పొర గట్టిపడిన గోడ కాదనీ, చిక్కని నూనెలా కదులుతూ ఉంటుందనీ, అందులో ప్రోటీన్లు తెప్పల్లా తేలుతుంటాయనీ వివరించారు. పొరలోని ఒక కొవ్వు అణువు పక్కనున్న అణువుతో సెకనుకు దాదాపు కోటి సార్లు చోటు మార్చుకుంటుంది. అంత కదలిక ఉన్నా పొర చిరగదు.

మధ్యలో కొవ్వు ఉంది కాబట్టి నీటిలో కరిగే ఉప్పు, చక్కెర ఈ పొరను తమంతట తాము దాటలేవు. దాటాలంటే తలుపు కావాలి. ఆ తలుపులే పొరలోని ప్రోటీన్లు. ఏ తలుపు గుండా ఏ పదార్థం వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి అన్నదానికి లెక్క ఉంటుంది.

పొరకు ఇటూ అటూ

మన రక్తంలో, కణాల బయట ఉండే ద్రవంలో ఉప్పు ఎక్కువ. ఇంకా సరిగ్గా చెప్పాలంటే సోడియం అయాన్లు ఎక్కువ. కణం లోపల అది బయట ఉన్నదానిలో పదో వంతు కూడా ఉండదు. ఈ తేడాను నిలబెట్టడానికి పొరలో ఒక పంపు నిరంతరం పనిచేస్తుంది. అది ఒక్కొక్క విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ 1957లో పీతల నరాల మీద పరిశోధన చేసి ఈ పంపును గుర్తించారు. నలభై ఏళ్ళ తర్వాత, 1997లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. జంతు కణం ఖర్చు పెట్టే శక్తిలో దాదాపు మూడో వంతు ఈ పంపుకే పోతుంది.

అంత ఖర్చు ఎందుకంటే, ఇంటి మీది ట్యాంకులోకి మోటారుతో నీళ్ళు ఎక్కించడం లాంటిదే ఇదీ. ఒకసారి ఎక్కించిన నీళ్ళు కుళాయి తిప్పగానే వాటంతట అవే దిగివస్తాయి. బయటికి తోసిన సోడియం కూడా తలుపు దొరికితే చాలు, లోపలికి దూసుకురావడానికి సిద్ధంగా ఉంటుంది. దీనికి తోడు కణం లోపలి వైపు రుణ విద్యుదావేశం ఉంటుంది. ఆ తేడా 50 మిల్లీవోల్టుల చుట్టుపక్కలే. వినడానికి చాలా తక్కువ. కానీ పొర మందం 5 నానోమీటర్లే కాబట్టి, మీటరుకు లెక్క కడితే అది దాదాపు కోటి వోల్టులు అవుతుంది. ధనావేశం ఉన్న సోడియాన్ని ఆ విద్యుత్తు కూడా లోపలికే లాగుతుంది.

జంట తలుపు

పేగు కణంలో పేగు లోపలి వైపు ఉన్న పొర మీద ఒక ప్రత్యేకమైన తలుపు ఉంది. దాని పేరు ఎస్‌జీఎల్‌టీ-1. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజు అణువు కలిసి వస్తేనే అది వాటిని లోపలికి చేరవేస్తుంది. లోపలికి దూకే సోడియం ఊపుతో గ్లూకోజు కూడా వస్తుంది. ఆ తర్వాత కణం అవతలి వైపు ఉన్న పంపు సోడియాన్ని రక్తం వైపు పంపేస్తుంది. గ్లూకోజు మరో తలుపు గుండా రక్తంలోకి చేరుతుంది.

నీటికి దాన్ని పట్టి లాగే పంపు ఏదీ లేదు. కరిగిన పదార్థం ఎటు ఎక్కువగా ఉంటే నీరు అటు వెళ్తుంది. దీన్నే ద్రవాభిసరణం అని బడిలో చెప్పుకుంటాం. కిస్మిస్‌ను మంచినీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది, దాన్నే చిక్కటి చక్కెర పాకంలో వేస్తే ముడుచుకుంటుంది. పేగులో కూడా ఇంతే. ఉప్పూ చక్కెరా కణాలను దాటి రక్తం వైపు వెళ్ళాక, నీరు వాటి వెనకాలే వెళ్తుంది.

ఈ పని ఎంత పెద్దదో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. మనం తాగే నీరు, లాలాజలం, జఠరరసం, పైత్యరసం వగైరా అంతా కలిపి రోజుకు సుమారు 9 లీటర్ల ద్రవం పేగులోకి వస్తుంది. బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. మిగిలినదంతా తిరిగి రక్తంలో కలుస్తుంది. ఈ తిరుగు ప్రయాణం కొన్ని గంటలు దెబ్బతిన్నా మనిషి ఎండిపోతాడు.

ఉప్పూ చక్కెరా జంటగా వెళ్తాయన్న ఆలోచనను రాబర్ట్ క్రేన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన సదస్సులో వివరించారు. ఆ రోజు అది కణత్వచాల గురించిన సిద్ధాంతం మాత్రమే.

గంట కొట్టే విధానం

పొర మీద తలుపులే కాదు, గంటలు కూడా ఉన్నాయి. పరీక్ష హాలులో ప్రశ్నపత్రం చేతికి రాగానే గుండె దడదడలాడుతుంది. అప్పుడు రక్తంలోకి అడ్రినలిన్ విడుదలవుతుంది. కానీ ఆ అడ్రినలిన్ గుండె కణంలోకి వెళ్ళదు. బయట నిలబడి, పొరలోని గ్రాహకం అనే ప్రోటీన్‌ను తాకుతుంది. మనం వీధి గుమ్మం దగ్గర కాలింగ్ బెల్ నొక్కితే లోపల గంట మోగినట్టు, బయట తాకిన కబురు లోపలికి చేరుతుంది.

ఆ గ్రాహకానికి లోపలి వైపు జీ ప్రోటీన్ అనే వార్తాహరుడు ఉంటాడు. అతను పొర వెంట జరిగి ఒక ఎంజైమును తడతాడు. ఆ ఎంజైము సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువులను గబగబా తయారు చేస్తుంది. ఆ అణువులు కణమంతా వ్యాపించి పనులు మొదలుపెట్టిస్తాయి. సైక్లిక్ ఏఎంపీని కనిపెట్టిన కృషికి ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో, జీ ప్రోటీన్లను కనిపెట్టినందుకు ఆల్ఫ్రెడ్ గిల్మన్, మార్టిన్ రాడ్‌బెల్‌లకు 1994లో నోబెల్ బహుమతులు వచ్చాయి.

ఈ ఏర్పాటులో అన్నిటికన్నా ముఖ్యమైనది గంట ఆగిపోవడం. జీ ప్రోటీన్ కొద్దిసేపు పనిచేసి, తనంతట తానే ఆగిపోతుంది. ఆగే గుణం దానిలోనే ఉంది. కబురు అందడం ఎంత అవసరమో, అది ఆగడం కూడా అంతే అవసరం.

కలరా చేసే పని

కలరా క్రిమి పేగు కణాన్ని కోయదు, చీల్చదు. దాని లోపలికి కూడా వెళ్ళదు. అది ఒక విషాన్ని మాత్రం వదులుతుంది. ఆ విషంలోని ఐదు భాగాలు పొర మీద ఉన్న జీఎం-1 అనే కొవ్వు అణువులను పట్టుకుంటాయి. ఆరో భాగం కణంలోకి చేరి, జీ ప్రోటీన్ తనంతట తాను ఆగే గుణాన్ని పాడుచేస్తుంది. ఇక గంట ఆగదు. కాలింగ్ బెల్ బటన్ లోపలికి ఇరుక్కుపోయినట్టు మోగుతూనే ఉంటుంది. సైక్లిక్ ఏఎంపీ విపరీతంగా పెరుగుతుంది. దానితో సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ తలుపు బార్లా తెరుచుకుంటుంది. క్లోరైడ్ పేగులోకి పోతుంది, దాని వెనక సోడియం, వాటి వెనక నీరు పోతాయి. తీవ్రమైన కలరాలో పెద్దవారికి గంటకు ఒక లీటరు దాకా నీరు పోవచ్చు.

ఇంత జరుగుతున్నా జంట తలుపు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. విషం మోగించిన గంట మామూలుగా ఉప్పును పీల్చుకునే మరో దారిని మూయిస్తుంది కానీ, ఉప్పూ చక్కెరా కలిసి వెళ్ళే ఈ తలుపును మూయలేదు. మనిషిని బతికించే దారి అదే. పిల్లలకు వచ్చే విరేచనాల్లో ఎక్కువ భాగం కలరా కాదు, రోటా వైరస్ వంటి వాటి వల్ల వస్తాయి. అప్పుడు కొన్ని కణాలు దెబ్బతింటాయి. అయినా మిగిలిన కణాల్లో ఈ తలుపు పనిచేస్తుంది. అందుకే ఓఆర్‌ఎస్ అన్ని రకాల నీళ్ళ విరేచనాలకూ పనికివస్తుంది.

కలకత్తా, ఢాకా, బనగావ్

రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలో కలరా క్రిమిని గుర్తించారు. అది విషంతో చంపుతుందని అనుమానించినా నిరూపణ దొరకలేదు. 75 ఏళ్ళ తర్వాత, 1959లో, అదే కలకత్తాలో డాక్టర్ శంభునాథ్ డే కుందేలు పేగు మీద చేసిన ప్రయోగాలతో దాన్ని నిరూపించారు. క్రిములను వడగట్టి తీసేసిన ద్రవం కూడా పేగులోకి నీటిని లాగుతుందని చూపించారు.

1968లో ఢాకాలోని కలరా పరిశోధనాలయంలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్, వారితో పాటు రఫీకుల్ ఇస్లాం తదితర స్థానిక వైద్యులు ఉప్పు, గ్లూకోజు కలిపిన ద్రావణాన్ని కలరా రోగులకు తాగించారు. సెలైన్ అవసరం బాగా తగ్గింది. క్రేన్ చెప్పిన సిద్ధాంతం మనుషుల్లో రుజువైంది.

అసలు పరీక్ష 1971లో వచ్చింది. బంగ్లాదేశ్ యుద్ధంతో లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బనగావ్ ఆసుపత్రిలో కలరా రోగులు నేల మీద కూడా పడుకుని ఉన్నారు. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపి డ్రమ్ముల్లో నింపించారు. రోగుల బంధువులే గ్లాసుల్లో పట్టుకెళ్ళి తాగించారు. అంతకుముందు దాదాపు 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన బృందం చూసిన రోగుల్లో 3.6 శాతానికి తగ్గాయి. నర్సులు, సూదులు లేకుండా, ఒక తల్లి చేతి గ్లాసుతో ఇంత పని జరగవచ్చని ప్రపంచం అప్పుడు చూసింది. డాక్టర్ మహలనబిస్ 2022లో మరణించారు. 2023లో ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఆ తర్వాత 1980 నుంచి పదేళ్ళ పాటు బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా కార్యకర్తలను ఇంటింటికీ పంపింది. చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, కొలిచిన నీళ్ళతో ద్రావణం చేయడం కోటికి పైగా ఇళ్ళలో తల్లులకు నేర్పించింది. తల్లులు ఎంత బాగా గుర్తు పెట్టుకున్నారో పరీక్షించి, దాన్నిబట్టే కార్యకర్తలకు జీతం ఇచ్చేవారు. పొట్లం పంచడం కన్నా చెయ్యి తిరిగేలా నేర్పడం పెద్ద సేవ అని మేము ఉపాధ్యాయులం ఆ సంస్థ నుంచి నేర్చుకోవాలి.

కొలత తప్పితే

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫారసు చేస్తున్న ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. ఈ లెక్కలో సోడియం, గ్లూకోజు అణువుల సంఖ్య సమానంగా ఉంటుంది. జంట తలుపుకు తగ్గ కొలత ఇది.

వట్టి నీళ్ళే ఇస్తే పోయిన ఉప్పు తిరిగి రాదు. గ్లూకోజు నీళ్ళే ఇస్తే తోడు సోడియం లేదు. చక్కెర మరీ ఎక్కువైతే అది పేగులోనే మిగిలిపోయి, కిస్మిస్‌ను పాకం ఎండగట్టినట్టు రక్తంలోని నీటిని పేగులోకి లాగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు, ఇఫ్తార్‌లో తాగే తియ్యని షర్బత్ విరేచనాలకు మందు కాకపోవడానికి కారణం ఇదే. ఉప్పు ఎక్కువైనా పసిపిల్లలకు ప్రమాదమే.

పేరు చూసి మోసపోకూడదు. ఓఆర్‌ఎస్ అని అట్ట మీద రాసి, ఆ సూత్రానికి ఎన్నో రెట్ల చక్కెర కలిపిన పానీయాలు చాలాకాలం అమ్మకంలో ఉన్నాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, సరైన సూత్రం పాటించని పానీయాల మీద ఆ పేరు వాడరాదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉందో లేదో చదివి తీసుకోవాలి.

మన ఇంట్లో, మన బస్తీలో

పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒకేసారి కలపాలి. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న పొట్లాలు కూడా ఉన్నాయి, కాబట్టి ముందు అట్ట చదవాలి. కలిపిన ద్రావణం 24 గంటల్లో వాడేయాలి. రెండేళ్ళ లోపు పిల్లలకు ఒక్కో విరేచనానికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకన్నా పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచాతో, గుక్క గుక్కగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. తల్లిపాలు, మామూలు తిండి మానకూడదు. డాక్టరు చెప్పిన ప్రకారం జింకు మాత్రలు 14 రోజులూ వేయాలి, విరేచనాలు తగ్గాయని మధ్యలో ఆపకూడదు.

పొట్లం దొరకనప్పుడు లీటరు నీటికి ఆరు తలకొట్టిన టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపవచ్చు. ఉప్పు వేసిన గంజి కూడా మంచిదే. గంజిలోని పిండిపదార్థం పేగులో నెమ్మదిగా గ్లూకోజుగా మారి అదే తలుపును తెరుస్తుంది.

ఒక మాట తల్లులకు తప్పక చెప్పాలి. ఓఆర్‌ఎస్ విరేచనాలను వెంటనే ఆపదు. మోగుతున్న గంటను అది ఆపలేదు. పోయిన నీటిని తిరిగి నింపుతుంది. పేగు కణాలు కొన్ని రోజుల్లోనే రాలిపోయి వాటి చోట కొత్తవి వస్తాయి, కొత్త కణాలతో గంట ఆగుతుంది. అంతవరకు మనిషిని నిలబెట్టడమే దాని పని. కాబట్టి ఇంకా విరేచనాలు అవుతున్నాయని తాగించడం మానకూడదు. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, కళ్ళు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దారిలో కూడా తాగిస్తూనే ఉండాలి.

రంజాన్ నెలలో రోజాలో ఉన్నవారికి విరేచనాలు పట్టుకుంటే ఓర్చుకుని కూర్చోవడం గొప్పతనం కాదు. జబ్బుపడ్డవారికి ధర్మమే మినహాయింపు ఇచ్చింది. ఆ రోజా తర్వాత ఉంచుకోవచ్చు. ఇంట్లోని ముసలివారికి ఈ మాట గుర్తు చేయడం పిల్లల బాధ్యత.

ఓఆర్‌ఎస్ పొట్లం కొన్ని రూపాయలే. ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది. మన సొసైటీ కార్యకర్తలు పొట్లంతో పాటు రెండు నిమిషాలు కేటాయించి, ఒక లీటరు సీసా చూపించి, ఒక తల్లి చేత స్వయంగా కలిపిస్తే, ఆ విద్య ఆ వీధిలో నిలిచిపోతుంది. నేర్పిన విద్య కూడా సదఖాయే. అల్లాహ్ మన పిల్లలందరినీ చల్లగా చూచుగాక. ఆమీన్.